సబర్మతి తీరం: ఇసుకతిన్నెల నుంచి విహారవేదిక దాకా

అహమ్మదాబాదులో ఎల్లిస్ వంతెన తూర్పు కొసన మాణెక్ బురుజు అనే పాత కట్టడం ఒకటి ఉన్నది. 1411లో సుల్తాన్ అహమ్మద్ షా తన కొత్త రాజధానికి పునాది వేసిన చోటు అదేనని ప్రతీతి. వాహనాల రద్దీలో దానిని గమనించేవారు బహుకొద్దిమంది. అటుగా వచ్చే జనమంతా నది వైపు సాగిపోతారు. పొద్దు వాలేసరికి ఆ ఒడ్డు ఒక పెద్ద తిరునాళ్లను తలపిస్తుంది. పై మెట్టున తోటలు, కింది మెట్టున నీటిని ఆనుకొని కిలోమీటర్ల పొడవున చదునైన కాలిబాట, పిల్లల ఆటస్థలాలు, తినుబండారాల దుకాణాలు, దీపాల వరుసలు. ఎల్లిస్ వంతెనకూ సర్దార్ వంతెనకూ నడుమ, గాలిపటాల రంగులను తలపించే అటల్ పాదచారుల వంతెన 2022 ఆగస్టులో ప్రారంభమైంది. ఆ మరుసటి సంవత్సరం జులై నుంచి భోజనం చేస్తూ నదిపై విహరించడానికి రెండంతస్తుల పడవ కూడా వచ్చింది. అలలు లేని నిండు నీటిపై దీపకాంతులు మెరుస్తుండగా మెల్లగా కదిలే ఆ పడవను చూసిన యాత్రికునికి, ఈ నది ఏటి పొడవునా ఇలాగే నిండుగా ఉంటుందన్న భావన కలగడం సహజం.

నిజానికి సబర్మతి స్వభావం అది కాదు. రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతపు ఆరావళీ కొండలలో పుట్టి, సుమారు 371 కిలోమీటర్లు ప్రవహించి ఖంభాత్ సింధుశాఖలో కలిసే ఈ నది వర్షాధారమైనది. వానకాలంలో కొద్ది రోజులపాటు ఒడ్డులను ఒరుసుకుంటూ పారి, తక్కిన సంవత్సరమంతా విశాలమైన ఇసుక మేటల నడుమ సన్నని పాయగా మిగిలేది. నగరానికి వచ్చిన జహంగీరు చక్రవర్తి ఇక్కడి దుమ్మును భరించలేక దీనికి గర్దాబాద్, అంటే ధూళిపురమని పేరు పెట్టిన సంగతి చరిత్రకు ఎక్కింది. చక్రవర్తికి ధూళిగా కనిపించిన ఆ ఇసుకే నగరవాసులకు ఆరు శతాబ్దాలపాటు మైదానమై, అంగడియై, పొలమై, కార్ఖానాయై ఉపకరించింది. అహమ్మదాబాదు నదీతీర చరిత్రలో ముఖ్యాంశం నీటికంటె ఇసుకది.

మాణెక్ బురుజుకు ఆ పేరు మాణెక్‌నాథ్ అనే సాధువు వల్ల వచ్చింది. సుల్తాను కోటగోడ కట్టిస్తున్నంతసేపు ఈ సాధువు పగలంతా ఒక చాప అల్లేవాడట. రాత్రి ఆ చాపను విప్పగానే, పగలు కట్టిన గోడ కూలిపోయేదట. చివరకు సుల్తాను ఆయనతో రాజీకి వచ్చి, ఒక బురుజుకూ ఒక చౌకుకూ ఆయన పేరు పెట్టాడని చెబుతారు. ఇది కేవలం జనశ్రుతి. అయినా నది ఒడ్డున ముందునుంచీ ఉన్నవాని మాట వినకుండా గోడ నిలవదన్న భావం ఆ కథలో ఉన్నది. ఆరు వందల సంవత్సరాల తరువాత అదే ఒడ్డున మరొక గోడ లేచినప్పుడు ఆ కథ కొందరికైనా జ్ఞాపకం వచ్చి ఉండాలి.

నీటి ఒడ్డున విలాసం ఈ నగరానికి కొత్త కాదు. 1451లో సుల్తాన్ కుతుబుద్దీన్ తవ్వించిన కాంకరియా తటాకం నడుమ ద్వీపంలో నగీనావాడీ అనే ఉద్యానం ఉన్నది. నది ఒడ్డున మాత్రం అంతకంటె ఘనమైనది మోతీ షాహీ మహల్. గుజరాతు సుబేదారుగా ఉన్న యువరాజు ఖుర్రం, అంటే కాలక్రమంలో షాజహాన్ చక్రవర్తి అయినవాడు, 1618, 1622 సంవత్సరాల మధ్య దీనిని షాహీబాగ్‌లో నిర్మింపజేశాడు. బ్రిటిషు పాలనలో ఈ సౌధం అధికారుల నివాసమైంది. 1878లో అహమ్మదాబాదులో న్యాయమూర్తిగా ఉన్న సత్యేంద్రనాథ టాగోరు ఇందులో కాపురముండగా, ఆయన తమ్ముడు, పదిహేడేళ్ల రవీంద్రుడు కొన్ని నెలలు ఇక్కడ గడిపాడు. అన్నగారు కచేరీకి వెళ్లాక నిర్మానుష్యమైన ఆ విశాల మందిరాలలో తిరిగిన ఆ బాలుని మనసులో పడిన బీజమే 1895లో "క్షుధిత పాషాణ్" కథగా మొలకెత్తింది. రాజభోగాలు అంతరించాక రాళ్లలో మిగిలిన ఆకలి దాని ఇతివృత్తం. స్వతంత్ర భారతంలో కొంతకాలం గవర్నరు నివాసంగా ఉన్న ఆ భవనం తరువాత సర్దార్ పటేల్ జాతీయ స్మారకమైంది.

కాని మోతీ షాహీ మహల్ అందరి ఒడ్డు కాదు. అందరి ఒడ్డు కోటగోడకు ఆవల ఉండేది. వేసవి వస్తే ఇసుకలో పుచ్చకాయ పాదులు, కూరగాయల మడులు వెలిసేవి. గాడిదల మందలు ఇసుక మోసేవి. చాకివారు బట్టలు ఉతికి తిన్నెల మీద ఆరవేసేవారు. సర్కసు డేరాలు, ఊరేగింపులు, రాజకీయ సభలు, క్రికెట్టు ఆటలు అన్నీ అక్కడే. ఆదివారం నాడు ఎల్లిస్ వంతెన నీడన గుజరీ బజారు తీరేది. ఈ సంతను నగర స్థాపకుడైన అహమ్మద్ షాయే నెలకొల్పాడని, మొదట్లో అది శుక్రవారపు సంత అని వర్తకులు సగర్వంగా చెప్పుకుంటారు. పాత పుస్తకాలు, తుప్పు పట్టిన పనిముట్లు, మంచాలు, ఇత్తడి పాత్రలు, మేకలు, కోళ్లు అన్నీ దొరికేవి. పాత సామాను కొనడానికి వచ్చినవారిలో బీదలు ఎందరో, ప్రాచీన వస్తువులను వెదికే రసికులు కూడా అందరే.

ఆ ఒడ్డును ఆశ్రయించిన వృత్తులలో తెలుగు పాఠకులకు ప్రత్యేకించి ఆసక్తి కలిగించేది మాతా నీ పఛేడీ అద్దకం. దేవాలయ ప్రవేశానికి నోచుకోని వాఘరీ కులస్థులు అమ్మవారి గుడినే బట్టమీద చిత్రించుకొని పూజించే సంప్రదాయం నుంచి ఈ కళ పుట్టింది. నడుమ సింహాసనం మీద దేవి, చుట్టూ భక్తులు, వాహనాలు, వృక్షాలు. రంగులు ప్రధానంగా తెలుపు, నలుపు, ఎరుపు. బెల్లమూ తుప్పుపట్టిన ఇనుమూ నానబెట్టి తీసిన నల్లని ద్రవం, చిక్కదనానికి చింతగింజల పిండి, ఎర్రదనానికి పటిక. శ్రీకాళహస్తి కలంకారీని ఎరిగినవారికి ఈ జాబితా అంతా చిరపరిచితం. పఛేడీని గుజరాతీ కలంకారీ అని పిలవడం ఊరకే కాదు. రెండింటికీ ఉమ్మడి అవసరం ఒకటున్నది, పారే నీరు. అద్దిన బట్టను నిలవ నీటిలో ముంచితే అదనపు రంగు పక్కలకు వ్యాపించి తెల్లని భాగాన్ని మలినం చేస్తుంది. ప్రవాహంలో జాడిస్తే ఆ రంగు నీటితోపాటు పోతుంది. కాళహస్తిలో స్వర్ణముఖి చేసే పనినే అహమ్మదాబాదులో సబర్మతి చేసేది. ఈ కళను తరతరాలుగా కాపాడిన కుటుంబానికి చెందిన భానుభాయి చితారాకు 2023లో పద్మశ్రీ లభించింది. ఆ గౌరవం వచ్చేనాటికి ఆయన నగరంలో నది చాలావరకు కదలని నీరైపోయింది.

ఈ నదిని దాటడమే ఒకప్పుడు గండం. 1870 ప్రాంతంలో బ్రిటిషు ఇంజనీర్లు నిర్మించిన కొయ్యవంతెన ఐదేళ్లయినా నిలవలేదు, 1875 వరదలో కొట్టుకుపోయింది. 1892లో పూర్తయిన ఉక్కు వంతెనను కట్టినవాడు హిమ్మత్‌లాల్ ధీరజ్‌రాం భచేచ్ అనే దేశీయ ఇంజనీరు. అంచనా ఐదు లక్షల రూపాయలు కాగా ఆయన దాదాపు లక్ష మిగిల్చి పని ముగించాడు. అంత తక్కువలో పూర్తయిందంటే నాసిరకం సరుకు వాడి ఉంటాడని ప్రభుత్వం అనుమానించి విచారణ జరిపించింది. నాణ్యతలో లోపమేమీ లేదని తేలాక ఆయనకు రావుసాహెబ్ బిరుదు దక్కింది. ధనం మిగిల్చినందుకు నేరస్థునిలా నిలబడవలసిరావడం ఇంజనీర్ల చరిత్రలో అరుదైన ఘట్టమే. కమిషనరు ఎల్లిస్ పేరు మీద ఉన్న ఆ వంతెన నేటికీ నిలిచి ఉన్నది. ఇరుపక్కల 1999లో కట్టిన కాంక్రీటు వంతెనలు వాహనాల భారాన్ని మోస్తున్నాయి.

వంతెనతో పడమటి ఒడ్డున కొత్త నగరం విస్తరించింది. తూర్పున మిల్లుల పొగగొట్టాలు లేచాయి. రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ 1861లో నడిపించిన తొలి నూలుమిల్లుతో మొదలైన పరిశ్రమ ఈ ఊరికి భారతదేశపు మాంచెస్టరన్న పేరు తెచ్చింది. ఉత్తర గుజరాతు, సౌరాష్ట్ర, రాజస్థాన్‌ల నుంచే కాక తెలంగాణ నుంచి కూడా పద్మశాలి నేతపనివారు ఇక్కడికి వలస వచ్చి స్థిరపడ్డారు.

మిల్లు కార్మికుల చరిత్రలో అతి ముఖ్యమైన ఘట్టానికి ఈ నదీతీరమే వేదిక. ప్లేగు రోజుల్లో ఇచ్చిన బోనసును యజమానులు ఉపసంహరించుకోగా, పెరిగిన ధరలకు తగిన వేతనం కోసం 1918 ఫిబ్రవరి, మార్చి నెలలలో సమ్మె నడిచింది. గాంధీజీ ప్రతిదినం షాపూర్ దర్వాజా వెలుపల, సబర్మతి ఒడ్డున ఒక తుమ్మచెట్టు కింద వేలాది కార్మికులతో మాట్లాడేవారు. మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి ఒక పక్షాన, ఆయన సోదరి అనసూయ కార్మికుల పక్షాన. మాట తప్పబోమన్న అర్థమిచ్చే "ఏక్ టేక్" అనే పతాకం పట్టుకొని కార్మికులు వీధులలో తిరిగేవారు. రోజులు గడిచి ఆకలి పెరిగి, పట్టు సడలుతున్న తరుణంలో గాంధీజీ ఆ చెట్టు కిందనే నిరాహారదీక్ష ప్రకటించారు. మూడు రోజులలో రాజీ కుదిరింది. మధ్యవర్తి తీర్పు ప్రకారం కార్మికులకు అడిగిన 35 శాతం పెంపు లభించింది. అంత సభ జరుపుకోవడానికి వారికి అద్దె హాలు అవసరం కాలేదు, అనుమతి పత్రం అవసరం కాలేదు. ఒడ్డు ఎవరిదీ కానందున అందరిదీ అయింది.

గాంధీజీ కూడా ఆ ఒడ్డునే నివాసంగా ఎన్నుకున్నారు. 1915లో కోచరబ్‌లో మొదలైన ఆశ్రమం, ఆ గ్రామంలో ప్లేగు వ్యాపించగా 1917 జూన్‌లో సబర్మతి తీరానికి మారింది. 1930 మార్చి 12న దండికి బయలుదేరేముందు సాయంత్రం ప్రార్థనకు వేలాది జనం చేరింది నది ఇసుక మీదనే. పాదయాత్రలో ఆయన వెంట నడిచిన బృందంలో ఆంధ్రదేశం నుంచి సుబ్రహ్మణ్యం అనే యువకుడు ఉన్నాడు. సబర్మతి తెలుగునాట మరొక విధంగా కూడా ప్రతిధ్వనించింది. నెల్లూరు సమీపంలోని పల్లిపాడు వద్ద పెన్నా తీరాన దిగుమర్తి హనుమంతరావు ప్రభృతులు స్థాపించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. నది పేరునే ఆశ్రమానికి పెట్టుకోవడంలో సబర్మతి ఒరవడి స్పష్టంగా కానవస్తుంది.

స్వాతంత్ర్యానంతరం నది దశ మారింది. ఎగువన ధరోయ్ ఆనకట్ట, దిగువన 1976లో వాస్నా బరాజు వచ్చాయి. నగర మురుగు నదిలో చేరింది. పల్లెల నుంచి పని వెదుక్కుంటూ వచ్చినవారు ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. హిందువులు, ముస్లింలు, దళితులు, వృత్తులవారు పక్కపక్కన బతికారు. 1980ల నుంచి మిల్లులు ఒక్కొక్కటే మూతబడి, తూర్పు పేటలలోని వేలాది కుటుంబాలకు స్థిరమైన జీతం కరవైనప్పుడు, చిల్లర పనులు, చిల్లర వ్యాపారాలే ఆధారమయ్యాయి. గుజరీలో కూర్చునే వర్తకుల ప్రాధాన్యం ఆ రోజుల్లోనే పెరిగింది.

తీరాన్ని తీర్చిదిద్దాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1960లలో అహమ్మదాబాదులో పనిచేసిన ఫ్రెంచి వాస్తుశిల్పి బెర్నార్డ్ కోన్ ఈ మేరకు ప్రతిపాదన చేశాడు. ఒక్క నగరపు ఒడ్డునే కాక నదీలోయ మొత్తాన్ని పర్యావరణ దృష్టితో చూడాలన్నది ఆయన సంకల్పం. ఆ విశాల దృష్టి కాగితాల మీదనే ఉండిపోయింది. 1997లో నగరపాలక సంస్థ ఇందుకొక ప్రత్యేక సంస్థను ఏర్పరచింది. వాస్తుశిల్పి బిమల్ పటేల్ నాయకత్వంలో రూపకల్పన జరిగి, 2005లో పనులు మొదలై, 2012 ఆగస్టులో తీరంలో కొంత భాగం ప్రజలకు తెరుచుకున్నది.

ఇంజనీరింగు దృష్టితో చూస్తే ఆ పథకం గొప్పదే. చోటు చోటుకూ మారే నది వెడల్పును రెండు వైపులా గోడలతో 263 మీటర్లకు స్థిరపరచారు. ఇరు ఒడ్డుల పొడవునా, ఒక్కొక్క వైపు 11 కిలోమీటర్లకు పైగా, మొత్తం దాదాపు 204 హెక్టార్ల భూమి కొత్తగా లభించింది. అందులో 85 శాతానికి మించి రోడ్లకు, తోటలకు, ప్రజోపయోగానికి ఉంచి, 14 శాతం వాణిజ్యానికి, నివాస భవనాలకు కేటాయించారు. ఆ అమ్మకం రాబడితోనే వ్యయం రాబట్టాలన్నది లెక్క. ఒడ్డు వెంబడి పెద్ద గొట్టాలు వేసి నదిలోకి వచ్చే మురుగును మళ్లించారు. గోడల నడుమ 4,70,000 క్యూసెక్కుల వరద పట్టగలదని అంచనా కట్టారు. నగరానికి ఎగువన సబర్మతిని దాటిపోయే నర్మదా ప్రధాన కాలువ నుంచి నీరు వదలి, వాస్నా బరాజు తలుపులు మూయడంతో నగరం మేరకు నది సరస్సయింది. 2006 ఆగస్టులో ధరోయ్ నుంచి వదిలిన నీటితో నగరం వరద చూసినప్పుడు, నదిని ఎంతవరకు ఇరుకు చేయవచ్చునన్న ప్రశ్న మరొకసారి చర్చకు వచ్చింది. 1973 వరదను కళ్లారా చూసినవారు అప్పటికింకా ఎందరో ఉన్నారు.

ఈ కథలో కష్టమైన భాగం మనుషులది. పనుల కోసం పదివేలకు పైగా కుటుంబాలను ఒడ్డు నుంచి తరలించవలసివచ్చింది. 2005లో నివాసుల సంఘం గుజరాత్ హైకోర్టును ఆశ్రయించగా, పునరావాసం కల్పించకుండా ఖాళీ చేయించరాదన్న వివాదం ఏళ్ల తరబడి నడిచింది. చివరకు అనేక కుటుంబాలకు బహుళ అంతస్తుల ఇళ్లు లభించాయి. చేతిలో తగిన పత్రాలు లేనివారిలో కొందరు నగరపు అంచున, చెత్తగుట్టల సమీపాన ఉన్న స్థలాలలో తాత్కాలిక గుడారాలతో సరిపెట్టుకోవలసివచ్చింది. పక్కా ఇల్లు దక్కినవారి కష్టం మరొక రకానిది. ఇళ్లలో పాచిపని చేసే స్త్రీకి, బండిమీద కూరలు అమ్మే మనిషికి నగరం నడిబొడ్డున ఉన్న గుడిసెకూ, పది పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉన్న గదికీ గల తేడా రోజూ బస్సు చార్జీల రూపంలో కనిపిస్తుంది. చాకివారికి పథకంలోనే వేరుగా రేవు కట్టి ఇచ్చారు. గుజరీ వర్తకులు తమ సంఘం ద్వారా గట్టిగా నిలబడి, న్యాయస్థానానికి వెళ్లి, ప్రణాళికలో తమ స్థానాన్ని సాధించుకున్నారు. 2014లో వారికి ఒడ్డునే, చెట్ల నీడలో, చదును చేసిన అరుగులతో కొత్త బజారు ఏర్పడింది. పాత గుజరీలోని విశృంఖల శోభ కొంత తగ్గినా, సంత మాత్రం బతికింది. అద్దకపువారి సంగతి అంత సులభంగా తేలలేదు. పారే నీటిని కాంక్రీటుతో కట్టి ఇవ్వడం ఎవరి తరం? పాత రేవులు పోయాక బట్టలు జాడించుకోవడానికి వారు వేరే చోట్లు వెదుక్కోవలసివచ్చింది.

అయినా సాయంత్రం వేళ ఆ ఒడ్డున తిరిగే జనాన్ని చూసి ఇది ధనికుల విలాసమని కొట్టివేయడం న్యాయం కాదు. గాలి ఆడని పోళ్లలో, అంటే పాత నగరపు ఇరుకు సందుల పేటలలో, పుట్టి పెరిగిన కుటుంబాలు చాపలు, టిఫిను డబ్బాలు తెచ్చుకొని పైసా ఖర్చు లేకుండా గంటల తరబడి కూర్చుంటాయి. పరీక్షలకు చదివే విద్యార్థులు, సైకిలు నేర్చుకునే పిల్లలు, రంజాను మాసంలో ఉపవాసం విరమించే కుటుంబాలు, సంక్రాంతికి గాలిపటాల ఉత్సవం చూడవచ్చే దూరప్రాంతాలవారు, జనవరి పుష్పప్రదర్శనకు బారులు తీరే జనం, అందరూ కనిపిస్తారు. కింది కాలిబాట ఉచితం. అటల్ వంతెన ఎక్కాలంటే టికెట్టు. తేలే భోజనశాలకు వెళ్లాలంటే ఇంకొంచెం బరువైన జేబు కావాలి. కాంకరియా తటాకం చుట్టూ 2008లో గోడకట్టి ప్రవేశ రుసుము పెట్టినప్పటి నుంచి ఈ నగరానికి ఇటువంటి మెట్ల వ్యవస్థ అలవాటైంది.

భోజనం విషయంలో అహమ్మదాబాదువాసి గురువు నది కాదు, మాణెక్ చౌక్. ఆ సాధువు పేరుతోనే వెలసిన ఆ చౌకులో పొద్దుటే ఆవులకు గడ్డి అమ్ముతారు, పగలు బంగారం, వెండి వ్యాపారం, రాత్రి నగల దుకాణాల తలుపులు పడ్డాక అదే నేల మీద బల్లలు పరచి పొయ్యిలు వెలిగిస్తారు. అర్ధరాత్రి దాకా పావుభాజీ, శాండువిచ్చీలు, కుల్ఫీ, వాటితోపాటు వెన్న ఓడుతూ గ్వాలియరు దోసె అనే వింత పదార్థం. దక్షిణాది దోసెకు గ్వాలియరు పేరు, గుజరాతీ రుచి ఎలా కుదిరాయో చెప్పడం కష్టం, తిన్న తెలుగువాడు మాత్రం మొదట విస్తుపోయి తరువాత రెండవది అడుగుతాడు. ఒకే స్థలం రోజుకు మూడు వేషాలు కట్టే ఈ ఒడుపు అహమ్మదాబాదు ప్రత్యేకత. పాత నది ఇసుకకు కూడా ఆ ఒడుపే ఉండేది, వానకాలంలో నది, శీతకాలంలో పొలం, వేసవిలో మైదానం, ఆదివారం అంగడి. కొత్త ఒడ్డున ఏ చోటు దేనికో ముందే నిర్ణయమైపోయింది. తోట తోటే, కాలిబాట కాలిబాటే, తినుబండారాల ఆవరణ ఆవరణే. శుభ్రతకు అది మేలు చేసింది. తుమ్మచెట్టు కింద సభకు మాత్రం అందులో గడి లేదు.

తెలుగువారికి ఈ చర్చ దూరపు ముచ్చట కాదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద హైదరాబాదును అతలాకుతలం చేసిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలశాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఆధ్వర్యంలో తీరాన్ని చక్కదిద్దే పనులు సాగాయి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వంటి మహాభవనాలు మూసీకి ముఖం చూపుతూ నిలిచాయి. నదికి ఎదురుగా న్యాయస్థానాన్నీ వైద్యశాలనూ నిలబెట్టిన ఆ తరం ఊహ మెచ్చదగినది. తరువాతి కాలంలో నగరం నదికి వీపు తిప్పింది. 2024లో మూసీ తీరాభివృద్ధి ప్రతిపాదనలు ముమ్మరమై, ఒడ్డున ఇళ్లకు గుర్తులు వేస్తున్నప్పుడు అనుకూలురూ ప్రతికూలురూ ఇద్దరూ ఉదాహరించింది సబర్మతినే. ఒకరు దీపాలు చూపారు, ఒకరు తరలిపోయిన కుటుంబాలను చూపారు. వరదకు మూలం ఎగువన ఉన్నదని గుర్తించి అక్కడ పని మొదలుపెట్టిన విశ్వేశ్వరయ్య పద్ధతిని ఉదాహరించినవారు అంతమంది లేరు.

సబర్మతి విషయంలో ఎగువ కంటె దిగువ మరింత ఆలోచింపజేస్తుంది. విహారపు పడవ తిరిగే నీరు సర్దార్ వంతెన దాటి వాస్నా బరాజు దగ్గర ఆగిపోతుంది. బరాజుకు ఆవల పారేదానిలో ఎక్కువ పాలు నగరపు మురుగు, పరిశ్రమల వ్యర్థజలం. 2021లో గుజరాత్ హైకోర్టు ఈ కాలుష్యాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించి, శుద్ధి కేంద్రాల పనితీరుపై అధికారులను నిలదీసింది. దేశంలో అతి కలుషితమైన నదీభాగాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించినప్పుడు ఈ దిగువ సబర్మతి పేరు ముందు వరుసలోనే వచ్చింది. ఒకే నది, పదకొండు కిలోమీటర్ల మేర అద్దం, ఆ పైన మురుగుకాలువ.

ఆ నీరే దిగువన వౌఠా చేరుతుంది. సబర్మతి, వాత్రక్ నదులు కలిసే ఆ చోటుకు తక్కిన ఉపనదులను కూడా కలిపి సప్తసంగమమని పేరు. ప్రతి సంవత్సరం కార్తిక పౌర్ణమికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. గ్రామాల నుంచి ఎడ్లబండ్లపైనా ట్రాక్టర్లపైనా రైతు కుటుంబాలు వచ్చి ఒడ్డున గుడారాలు వేసుకుంటాయి. గాడిదల సంతకు ఆ జాతర ప్రసిద్ధి. మెడకూ వీపుకూ గులాబి, పసుపు రంగులు పూసిన గాడిదలను బారులుగా నిలబెట్టి బేరమాడతారు. ఒకప్పుడు అహమ్మదాబాదు ఇసుక మోయడానికి గాడిదలను కొనుక్కునేవారు వచ్చేది ఇటువంటి సంతలకే. పౌర్ణమి నాటి తెల్లవారుజామున, చలికి వణుకుతూ, స్త్రీలు దీపాలు చేతపట్టుకొని సంగమంలోకి దిగుతారు. ముందు ఒక దోసిలి నీరు తీసి చూసుకొని, తరువాత తలమీద చల్లుకుంటారు.